వికలాంగులకు, వారిని చూసుకునేవారికి అందే సహాయాలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో టీచరును. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. సెక్రటరీ సాబ్ నాకు ఇచ్చిన విషయం వికలాంగుల సహాయాలు. ఇప్పుడు సర్కారు కాగితాల్లో వికలాంగులు అనటం లేదు, విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు. పేరు పెద్దదయింది, సంతోషమే. క్యూ మాత్రం చిన్నది కాలేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా ఆపాకు మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. అదైనా పడవలసిన నెలలో పడదు. శెనక్కాయ ఎండిపోయిన ప్రతి ఏడూ మా అబ్బా, చిచ్చా బెంగుళూరికి కూలికి పోయేవారు. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళూ పోయేవారు. మా అమ్మీ పోలేదు. ఆపాను ఎత్తి కూర్చోబెట్టాలి, నీళ్ళు పోయాలి, బయటికి మోసుకుపోవాలి. అంటే మా ఇంట్లో ఇద్దరి కూలి పోయినట్టు లెక్క. ఆపాది ఒకటి, అమ్మీది ఒకటి. ఆ రెండోదాన్ని ఎవ్వరూ లెక్కలోకి తీసుకోరు.

అబ్బాతో ఎవరో పెన్షను మాట ఎత్తితే, "మన ఆడపిల్ల పేరు సర్కారు కాగితాల్లో ఎందుకు? ఖైరాత్ తినే గతి మనకింకా పట్టలేదు" అన్నాడు. ఆయన చదువుకోలేదు అనుకుందాం. నేను చదువుకున్నాను గదా! బడిపిల్లల స్కాలర్‌షిప్పు ఫారాలు వందల లెక్కన నింపినవాణ్ణి, ఇంట్లో మంచం మీదున్న ఆపా కోసం ఒక్క ఫారం అడగాలని 2011 దాకా నాకు తోచలేదు. తీరా పోతే పేరు దగ్గర ఆగింది. రేషను కార్డులో ఒక తీరు, ఓటరు కార్డులో ఇంకో తీరు. దాన్ని సరిచేయించటానికే ఎనిమిది నెలలు తిరిగాను. అప్పటి పెన్షను 500 రూపాయలు. మొదటి నెల డబ్బు ఆపా తీసుకుపోయి అమ్మీ చేతిలో పెట్టి, "ఇది నీ జీతం" అన్నది. అమ్మీ నవ్వి, దానితో ఆపాకే దుప్పటి కొనింది. అంతకు ముందు ఎన్నేళ్ళు పోయాయో లెక్కవేయటం నేను మానుకున్నాను.

ఇక మీ ఇళ్ళ సంగతి. అన్నిటికీ మొదటి వాకిలి సదరం సర్టిఫికెట్టు. సచివాలయంలోగాని, మీసేవలోగాని స్లాటు తీసుకొని, చెప్పిన రోజున ఆసుపత్రి క్యాంపుకు పోవాలి. 40 శాతం, ఆపైన ఉంటే చాలావాటికి అర్హత. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. తలసీమియా, ఆటిజం, పార్కిన్సన్ జబ్బు కూడా అందులో ఉన్నాయి. మన పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము వంగి, నడవలేక ఉన్నవాళ్ళను చూసి ముసలితనం అని వదిలేస్తాము. వాళ్ళనూ డాక్టర్లకు చూపించండి.

సర్టిఫికెట్టు వచ్చిందని పెన్షను దానంతట అదే రాదు. దానికి దరఖాస్తు వేరే పెట్టాలి. 2024 జూలై నుండి వికలాంగుల పెన్షను నెలకు 6,000. మా ఆపాకు మొదట్లో ఏడాదికి వచ్చినంత ఇప్పుడు ఒక నెలకు వస్తున్నది. పక్షవాతంతోనో, ప్రమాదంవల్లనో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. దీనికి వయస్సు అడ్డం లేదు, పసిపిల్లకైనా ఇస్తారు. "పెద్దయ్యాక చూద్దాంలే" అనకండి.

బడి ఈడు పిల్లలుంటే మండలంలోని భవిత కేంద్రం అడగండి. అక్కడ ఫిజియోథెరపీ ఉంటుంది. పిల్లవాణ్ణి తీసుకువచ్చే తోడు మనిషికి సమగ్ర శిక్షా కింద ఎస్కార్టు భత్యం ఉన్నది. రైల్లో కూడా అంతే. పూర్తిగా చూపులేనివారికి, తోడు లేకుండా ప్రయాణం చేయలేనివారికి స్లీపరులో 75 శాతం రాయితీ, వెంట వచ్చే ఒకరికి అదే రాయితీ. రైల్వేవారి గుర్తింపు కార్డు ముందే తీసుకోవాలి. చూశారా, ఇంట్లో మనం లెక్కించని మనిషిని టిక్కెట్టు కౌంటరువాడు లెక్కించాడు!

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమా ఏటా లక్ష రూపాయల దాకా వైద్యం చూస్తుంది. అటువంటి పిల్లలకు 18 నిండితే కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీద్వారా గార్డియన్‌ను రాయించుకోవాలి. మనం పోయాక ఎవరు చూస్తారన్న మాట రాత్రిళ్ళు అనుకుంటే చాలదు, కాగితం మీద ఉండాలి. ఉద్యోగస్తులు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇంట్లో వికలాంగులుంటే పాత పన్ను విధానంలో 75,000 మినహాయింపు, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000.

చూసుకునేవారికంటూ భత్యం సంగతి 2016 చట్టం 24వ సెక్షనులో రాశారు. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం పెట్టి, నెలకు 600 రూపాయలు నిర్ణయించారు. మనదగ్గర వచ్చే 15,000 కూడా రోగి పేరనే వస్తుంది. ఇది మన సంఘం అర్జీ రాయవలసిన విషయమని నా అభిప్రాయం. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు.

2025లో పెన్షనుదారులను మళ్ళీ వైద్య పరీక్షలకు పిలిచి, శాతం తగ్గినవారికి నోటీసులిచ్చారు. అప్పీలుకు అవకాశమూ ఇచ్చారు. మనలో కొందరు తెలుగు చదవలేక ఆ కాగితాన్ని అలమారలో దాచిపెట్టారు. ఏ కాగితం వచ్చినా ఆ రోజే ఎవరిచేతనైనా చదివించుకోండి. చెవిటి, గుడ్డి పిల్లల బడి కావాలంటే 1969 నుండి మన సీమలో పనిచేస్తున్న ఆర్.డి.టి. వారిని అడగండి. వాళ్ళకు ప్రత్యేక పాఠశాలలున్నాయి.

చివరగా పేర్లు. ఆధారులో షేక్ మహబూబ్ బీ, రేషను కార్డులో మాబున్ని, బడి రికార్డులో ఎస్. మాబూబీ! ముగ్గురూ ఒకరేనని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. స్లాటుకు ముందే సరిచేయించండి.

వచ్చే ఆదివారం జొహర్ నమాజు తరువాత సంఘం ఆఫీసులో కూర్చుంటాను. ఆధారు, రేషను కార్డు, పాత ఆసుపత్రి చీటీలు, రెండు ఫోటోలు తీసుకురండి. రాలేనివారుంటే ఇల్లు చెప్పండి, నేనే వస్తాను.