విదేశములందు ఉపాధ్యాయ వృత్తి - పట్టాల ధ్రువీకరణము



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములనుండి విదేశములందు పాఠములు చెప్పగోరు మన బిడ్డలకు విద్య కొఱత కాదు, కాగితమే కొఱత. పలువురు బి.ఎడ్. ముగించి, తాత్కాలిక పత్రముతోనే తృప్తినొంది, స్నాతకోత్సవ పట్టాను తెచ్చుకొననే లేదు. కొలువు కుదిరిన పిదప పరుగిడినచో, బడి తెఱచునాటికి పట్టా చేతికి రాదు. ఆ కొలువు మఱియొకరి పాలగును.

1981లో అనంతపురమున వెలసిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున చదివినవారు ముందుగా అచ్చటినుండి పట్టా పొందవలయును. పిదప రాష్ట్రప్రభుత్వ ధ్రువీకరణము, ఆపైని కేంద్ర విదేశాంగశాఖ ముద్ర. బెంగుళూరు మనకు చేరువయే. ఐనను పట్టా ఏ రాష్ట్రమున పుట్టెనో ఆ రాష్ట్రపు ధ్రువీకరణమే కావలయును.

2005లో మన దేశము హేగు ఒడంబడికలో చేరినది. అందున్న దేశములలో పెక్కింటికి అపోస్టిల్ చాలును. సౌదీ అరేబియాయు 2022లో చేరినది. చేరని దేశములకు వారి రాయబార కార్యాలయపు ముద్రయు వలయును. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము 50 రూపాయలే. సేవాసంస్థ రుసుము వేఱు. దళారి వేలడిగినచో లెక్క వ్రాయించుకొనుడు.

ఇంటిపేరు మనకు గౌరవమే! కాని పట్టాలో పొడియక్షరమై, పాస్‌పోర్టులో నిండుపేరై యున్నచో చిక్కు తప్పదు. ఈ వేసవిలోనే రెండును సరిచూడుడు.