ఒక్క వాట్ చాలు, మరి 7 లక్షలు ఎందుకు? హార్న్ స్పీకర్ల పిచ్చి వెనక అసలు కథ

ఈ ఎపిసోడ్‌ని వీలైతే ఇయర్‌ఫోన్స్ తీసేసి, ఫోన్ స్పీకర్‌లోనే వినండి. ఎందుకో ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ముందు ఒక చిన్న పని. పాత నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, పల్లీల పొట్లంలా చుట్టండి. కొన దగ్గర కొంచెం కత్తిరించి, ఆ సన్నటి కొనని ఫోన్ స్పీకర్ దగ్గర ఆనించండి. నా గొంతు ఇందాకటి కంటే పెద్దగా, దగ్గరగా వినిపిస్తోంది కదా? మీరు వాల్యూమ్ ముట్టుకోలేదు. ఆ కాగితానికి కరెంటూ లేదు. మరి ఆ అదనపు శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ పొట్లం పేరే హార్న్. దాన్నే చెక్కతోనో అల్యూమినియంతోనో చేసి, ఒక డిజైనర్ పేరు పెట్టి, లోకం మొత్తానికి 100 జతలే అని చెప్పి, లక్షల్లో అమ్మితే జనం ఎందుకు ఎగబడతారు? ఇవాళ్టి టాపిక్ ఇదే. ఎగబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ వెక్కిరించే ఉద్దేశం లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క ముక్క. నేను బీటెక్ చేసి, హైదరాబాద్‌లో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, 2023లో మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాను. మానేసేటప్పుడు నా అకౌంట్‌లో 9 లక్షలు ఉన్నాయి. ఏడాదిన్నర ఇంటి ఖర్చుకి అని లెక్కేసుకుని దాచిన డబ్బు. ఈ 9 లక్షల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

సరే, ముందు ఆ పొట్లం సంగతి చూద్దాం.

మా మావయ్యకి తణుకు దగ్గర మైక్ సెట్ షాపు ఉండేది. పెళ్లిళ్లు, జాతరలు, ఎలక్షన్ ప్రచారం ఆటోలు, అన్నిటికీ ఆయనే. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేను ఆ షాపులోనే పడుండేవాడిని. ఒకసారి ఆయన హార్న్ విప్పి యూనిట్‌లో డయాఫ్రం మారుస్తుంటే చూసి ఆశ్చర్యపోయాను. ఊరంతా వినిపించేది ఇంత చిన్న పొరా! "మావయ్యా, ఇంత దానికి అంత సౌండ్ ఎలా వస్తుంది?" అని అడిగితే, "సౌండ్ దానిదే రా, గొట్టం దాన్ని వృథా పోనివ్వదు, అంతే" అన్నారు. ఆయన చదివింది పదో తరగతి. నేను బీటెక్‌లో చదివిన దాంట్లో ఇంత సూటి సమాధానం నాకు దొరకలేదు.

సైన్సు కూడా అదే చెప్తుంది. గాలి చాలా పల్చటిది. మామూలు స్పీకర్‌లో కోన్ ముందుకి తోస్తే గాలి పక్కకి తప్పుకుంటుంది, తోసిన బలంలో ఎక్కువ భాగం వృథా. ఎంత వృథా అంటే, మన ఇళ్లలో ఉండే మామూలు బాక్స్ స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే నిజంగా శబ్దంగా మారేది ఒక వాట్ కూడా ఉండదు. మిగతాదంతా వేడి. హార్న్‌లో డయాఫ్రం ముందు సన్నటి గొంతు ఉంటుంది. అక్కడ గాలి తప్పుకోలేదు, ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడిని గొట్టం కొద్దికొద్దిగా వెడల్పు చేసుకుంటూ బయటి గాలికి అప్పజెప్తుంది. బైక్ గేర్లు ఇంజిన్‌కీ చక్రానికీ పొత్తు కుదిర్చినట్టే, ఇది డయాఫ్రంకీ గాలికీ పొత్తు కుదురుస్తుంది.

అంకెల్లో చూద్దాం. ఒక వాట్ ఇచ్చి, మీటరు దూరంలో కొలిస్తే మామూలు స్పీకర్ 87 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. అమెరికాలో క్లిప్ష్ కంపెనీ చేసే క్లిప్ష్‌హార్న్‌కి ఆ కంపెనీ చెప్పే లెక్క 105. తేడా 18 డెసిబెల్స్. చూడ్డానికి చిన్న అంకె, కానీ పవర్‌లోకి మారిస్తే దాదాపు 63 రెట్లు. అంటే ఆ మామూలు స్పీకర్‌కి 63 వాట్లు కావాల్సిన చోట దీనికి ఒక్క వాట్ చాలు. మీ ఫోన్ చార్జర్ అంతకంటే ఎక్కువే తింటుంది.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. 1926లో అమెరికాలో వైటాఫోన్ పద్ధతిలో సినిమాకి శబ్దం జోడించినప్పుడు థియేటర్ నింపాల్సిన ఆంప్లిఫైయర్లు ఇచ్చేది కొద్ది వాట్లే. వేరే దారి లేక హార్న్‌లు పెట్టారు. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ 555 అనే యూనిట్ ఆ రోజులదే. దాన్ని ఇవాళ్టికీ కలెక్టర్లు దేవుడి విగ్రహంలా చూసుకుంటారు.

తర్వాత పాల్ క్లిప్ష్ అనే ఇంజినీరు వచ్చాడు. ఆయన ముందున్న సమస్య ఏంటంటే, లోతైన బాస్ శబ్దం అల చాలా పొడవు. 40 హెర్ట్జ్ అల దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. దానికి తగ్గ హార్న్ కట్టాలంటే ఇల్లే హార్న్ అవ్వాలి. ఆయన సరిగ్గా అదే చేశాడు. గొట్టాన్ని పెట్టెలో మడతపెట్టి, ఆ పెట్టెని గది మూలలో పెట్టి, మీ ఇంటి రెండు గోడల్నీ హార్న్‌లో చివరి భాగంగా వాడుకున్నాడు. 1946లో ఆర్కాన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్లో కంపెనీ పెట్టాడు. ఆ డిజైన్ మార్పులతో ఇప్పటికీ తయారవుతూనే ఉంది. ఆయనదే ఇంకోటి లా స్కాలా, 1963 నాటిది. దాన్ని మొదట చేసింది గవర్నర్ ఎన్నికల్లో నిలబడిన విన్‌త్రోప్ రాక్‌ఫెల్లర్ ప్రచార సభల కోసం. ఇది తెలిసినరోజు నేను చాలాసేపు నవ్వుకున్నాను. మా మావయ్య ఆటో మీద కట్టిన హార్న్‌కీ, డ్రాయింగ్ రూముల్లో మెరిసే లా స్కాలాకీ మొదటి డ్యూటీ ఒకటే, ఓట్లడగడం!

ఇక అందం విషయానికొస్తే, 1957లో జేబీఎల్ పారగాన్ వచ్చింది. రెండు స్పీకర్లనీ కలిపి, ముందు వంపు తిరిగిన చెక్క పలకతో, ఎనిమిదడుగులు దాటిన పొడవుతో ఒకే ఫర్నిచర్ ముక్క. రిచర్డ్ రేంజర్ ఆలోచనకి ఆర్నల్డ్ వుల్ఫ్ రూపం ఇచ్చాడు. 1983 దాకా చేశారు, మొత్తం కలిపి సుమారు 1,000 మాత్రమే. జపాన్‌లో కాఫీ తాగుతూ జాజ్ రికార్డులు వినే కెఫేలుంటాయి, అక్కడ పారగాన్ అంటే ఒక పెద్దమనిషికిచ్చే గౌరవం.

ఇక్కడ ఒక్క పాయింట్ పట్టుకోండి. పారగాన్ తక్కువగా ఉండటానికి కారణం అది చెయ్యడం కష్టం, ఖరీదు, ఇంట్లో పట్టదు. ఎవరూ కూర్చుని "వెయ్యే చేద్దాం" అనుకోలేదు. తక్కువ అవ్వడం అప్పట్లో ఫలితం. ఇప్పుడు చాలాసార్లు తక్కువ అవ్వడం ముందే తీసుకున్న నిర్ణయం.

ఈ కాలం ఉదాహరణ న్యూయార్క్‌లోని డెవన్ టర్న్‌బుల్. ఆయన బ్రాండ్ పేరు ఓజస్, మన ఓజస్సులాగే వినిపిస్తుంది. ఫ్యాషన్ లోంచి వచ్చిన మనిషి. పాత థియేటర్ స్పీకర్ల తరహాలో పెద్ద పెట్టెలు, బయటికే కనిపించే హార్న్‌లు చేతితో కడతాడు. 2022లో లిసన్ గ్యాలరీలో, 2024లో శాన్ ఫ్రాన్సిస్కో మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో గదినే వినే చోటుగా మార్చాడు. జనం వచ్చి, కింద కూర్చుని, మాట్లాడకుండా పాట వింటారు. నాకు నిజంగా నచ్చిన విషయం ఇది. రీల్ పదిహేను సెకన్లు దాటితే వేలు పైకి జరిపే మనం, ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా వింటే అదే పెద్ద సంగతి.

2024లోనే క్లిప్ష్, ఓజస్ కలిసి కేఓ-ఆర్1 అనే స్పీకర్ ప్రకటించాయి. 100 జతలు. జత ధర 8 వేల డాలర్లకు పైనే. రూపాయల్లో సుమారు 7 లక్షలు, మన దేశానికి తెప్పించే ఖర్చు కాకుండా.

ఇప్పుడు ఆ 9 లక్షల దగ్గరికి వద్దాం.

అంతకు కొన్ని నెలల ముందు కొండాపూర్‌లో మా పాత టీమ్ సీనియర్ ఇంటికి వెళ్లాను. ఆయన దగ్గర లా స్కాలా జత ఉంది, 8 వాట్ల ట్యూబ్ ఆంప్లిఫైయర్‌తో. ఘంటసాల గారి పాత పాట ఒకటి పెట్టారు. నేను వెయ్యిసార్లు విన్న పాటే. కానీ ఆయన లైను మొదలుపెట్టే ముందు పీల్చిన ఊపిరి నాకు మొదటిసారి వినిపించింది. తబలా మీద వేలు పడ్డ చోటు తెలిసింది. వాల్యూమ్ పెద్దగా కూడా లేదు. డయాఫ్రం కొంచెమే కదులుతుంది కాబట్టి, చిన్న శబ్దం నుంచి పెద్ద శబ్దానికి ఉన్నట్టుండి దూకినా అది తడబడదు. హార్న్ ఇష్టపడేవాళ్లు "ప్రాణం ఉంది" అనేది దీన్నే. ఇది భ్రమ కాదు, నేను ఒప్పుకుంటాను.

ఆ తర్వాత ఆ 100 జతల వార్త. రాత్రి పదకొండున్నరకి డాలస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. "బావా, నీ పేరు మీద ఒకటి కొంటావా, డబ్బులు పంపిస్తా." బావ ఒకే ఒక్క మాట అడిగాడు. "ఆ మోడల్ నువ్వు విన్నావా రా?"

వినలేదు. ఫోటో చూశాను, అంతే. నేను విన్నది వేరే స్పీకర్, వేరే గదిలో. "ఇప్పుడు కొనకపోతే అయిపోతాయి బావా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే ఎక్కడో తగిలింది. శబ్దం గురించి ఒక్క ముక్క లేదు అందులో. ఏడాదిన్నర బతుకుని, వినని ఒక వస్తువు మీద, అయిపోతుందన్న భయంతో పెట్టబోయాను.

పొద్దున్నే లేచి బిల్లుని మూడుగా విడగొట్టాను. మీకూ ఏ లిమిటెడ్ ఎడిషన్ మీదైనా, షూ అయినా, వాచీ అయినా, మనసు పడితే ఇలా చేసి చూడండి.

మొదటిది, పనితనానికి ఇచ్చే డబ్బు. హార్న్ విషయంలో ఇది నిజమే. కానీ ఇదే పనితనం నంబర్ లేని మోడల్స్‌లోనూ దొరుకుతుంది. దీని ఇబ్బందులూ నిజమే. శబ్దం ఒక దిక్కుకి ఎక్కువ వెళ్తుంది కాబట్టి సోఫాలో మధ్యనున్నవాడికి పండగ, పక్కనున్నవాడికి అంత ఉండదు. పెద్ద హార్న్‌లకి దూరం కావాలి, నా గది చూస్తే పది బై పన్నెండు. స్పీకర్ అంత సున్నితం కాబట్టి ఆంప్లిఫైయర్‌లో ఉన్న చిన్న బుస్సు కూడా వినిపిస్తుంది.

రెండోది, మనిషి చేతికి, రూపానికి ఇచ్చే డబ్బు. టర్న్‌బుల్ లాంటివాడు సొంతంగా కట్టేవి ఎలాగూ తక్కువే వస్తాయి, ఒక మనిషికి రెండే చేతులు. ఆ అందానికి డబ్బివ్వడం తప్పు కాదు. ఉప్పాడ జరీ చీరకి ఎవరైనా "మగ్గం మీద ఎన్ని రోజులు పట్టింది" అని అడుగుతారు కదా, అలాంటిదే.

మూడోది, నంబర్‌కి ఇచ్చే డబ్బు. నా దగ్గర ఉంది, నీ దగ్గర లేదు అన్నదాని ధర. ఇది చెవికి వినపడదు. ఇష్టమైతే ఇవ్వండి, కానీ దేనికి ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

నేను ఆ రాత్రి అడిగింది పూర్తిగా ఈ మూడోదే. అందుకే కొనలేదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మావయ్య షాపు తెరిపించాను. ఇప్పుడంతా డీజే బాక్సులే, హార్న్‌లు అటక మీద దుమ్ములో ఉన్నాయి. ఒకటి దించి, యూనిట్ చూసి, డయాఫ్రం మార్చి, ఫోన్ తగిలించాం. కొండాపూర్‌లో విన్న పాటే పెట్టాను. బాస్ లేదు, గొంతు ముక్కుతో పాడినట్టుంది. అబద్ధం ఎందుకు, లా స్కాలాకి దీనికి పోలికే లేదు. కానీ రెండు వీధుల అవతల నుంచి ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చి, "ఏంట్రా, మళ్లీ మొదలెట్టారా?" అని అడిగి, పాట అయ్యేదాకా అరుగు మీదే కూర్చున్నాడు. మావయ్య ఏమీ అనలేదు, వాల్యూమ్ ఒక్క పాయింట్ పెంచాడు.

ఆ 9 లక్షల్లో ఎక్కువ భాగం ఖర్చయిపోయింది, ఈ ఛానల్ మాత్రం నడుస్తోంది. హార్న్ స్పీకర్ కొనాలన్న కోరిక పోలేదు. ఎప్పుడో కొంటాను కూడా. గది దొరికాక, కూర్చుని విన్నాక.

మీరు నంబర్ చూసి కొని, తర్వాత బాధపడ్డ వస్తువు ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. బాధపడకుండా ఇప్పటికీ ప్రేమగా చూసుకుంటున్నది ఉంటే అదీ రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని చదువుతాను. ఆ కాగితం పొట్లం మాత్రం పారెయ్యకండి. ఈ రాత్రి మీకిష్టమైన పాట ఒక్కటి దాంట్లో పూర్తిగా వినండి. ఉంటాను ఫ్రెండ్స్, బై!