కడుపు నిండిన కబురు మెదడుకు అందాలి

నేను చదివింది ఇంటర్మీడియెట్. ఇరవై ఎనిమిదేళ్లు సిగ్నల్స్‌లో పనిచేసి సుబేదారుగా పెన్షన్ వచ్చాను. కాబట్టి ఈ సంగతి నాకు తెలిసిన వైర్‌లెస్ భాషలోనే చెప్తాను.

పెన్షన్ వచ్చాక పొద్దున పీటీ పోయింది, లంగర్ తిండి అలవాటు మాత్రం పోలేదు. మూడేళ్లలో షుగర్ వచ్చింది. భోజనం చేసిన అరగంటకే మళ్లీ డబ్బాలు వెతికేవాణ్ణి. "ఇప్పుడే కదండీ తిన్నారు" అంటే మా ఆవిడ మీద కోప్పడేవాణ్ణి. ఇది నా తిండియావే అనుకుని, సిగ్గుతో డాక్టర్ గారికి కూడా చెప్పలేదు.

తిన్నాక రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది, క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. ఇది మనందరికీ తెలిసిందే. ఆ ఇన్సులిన్ మెదడుకూ వెళ్తుందని నాకు తెలీదు. దాన్ని అందుకునే రిసెప్టర్లు ఎలుకల మెదడులో ఉన్నాయని 1978లోనే కనుక్కున్నారు. మెదడు గ్లూకోజు తీసుకోవడానికి ఇన్సులిన్ పెద్దగా అక్కర్లేదట. అంటే అక్కడ దాని పని రేషన్ మోయడం కాదు, మెసేజ్ అందించడం.

అమెరికాలో యేల్ యూనివర్సిటీవాళ్ల పరీక్ష ఒకటి 2013లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న 20 మందికి ఒకరోజు 75 గ్రాముల గ్లూకోజు, ఇంకోరోజు అంతే ఫ్రక్టోజు తాగించి ఎమ్మారైలో మెదడు చూశారు. (షుగర్ టెస్టుకి మనకి తాగించేదీ 75 గ్రాములే.) గ్లూకోజు తాగిన రోజు ఇన్సులిన్ బాగా పెరిగింది. ఆకలిని చూసుకునే హైపోథలామస్‌లో రక్తప్రవాహం తగ్గింది. దానికీ, తిండి మీద ఆశ పుట్టించే స్ట్రయేటం అనే భాగానికీ మధ్య లైను బలపడింది. కడుపు నిండిందన్నారు. ఫ్రక్టోజు రోజు ఇన్సులిన్ తక్కువగా పెరిగింది, ఆ లైనూ బలపడలేదు. అంతా ఇన్సులిన్ ఒక్కదాని పనే అని దీన్నిబట్టి తేల్చలేంగానీ, పంచదారలో సగం ఫ్రక్టోజే అని చదివి లంగర్ చాయ్ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఇన్సులిన్‌ని ముక్కులో స్ప్రే చేసి చూశారు. సన్నగా ఉన్నవాళ్ల మెదడు స్పందించినట్టు, లావుగా ఉన్నవాళ్ల మెదడు స్పందించలేదు. మెసేజ్ వెళ్తోంది, అవతలి సెట్ "రోజర్" అనడం లేదు! అదే ఊరివాళ్లు ఒళ్లు వంచని లావుపాటివాళ్ల చేత 8 వారాలు వ్యాయామం చేయిస్తే, వాళ్ల మెదడు మళ్లీ ఇన్సులిన్ మాట వినడం మొదలుపెట్టిందని 2022లో రాశారు.

అది చదివిన రోజు మా ఆవిడకి సారీ చెప్పాను. డాక్టర్ గారికీ అన్నీ చెప్పాను. "ముందే చెప్పాల్సింది సుబేదార్ సాబ్" అన్నారాయన. మందు ఆయన రాసినట్టే వేసుకుంటున్నాను. పొద్దున ఐదున్నరకి మళ్లీ ఫాల్ ఇన్, పక్కన మా ఆవిడ. డబ్బాల జోలికి వెళ్లడం పూర్తిగా మానలేదు, తగ్గింది.

జై హింద్.