కళ్లె పరీక్షలో చిన్న చిప్

(రోగుల వెంట వచ్చిన బంధువులకు ఆసుపత్రి హాలులో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరికి ఈ ఉదయం లేబొరేటరీలో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, రోగి కళ్లె పట్టి తెమ్మన్నారు. ఆ డబ్బా లోపలికి వెళ్లాక ఏం జరుగుతుందో చెబుతాను.

1882లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు క్షయ క్రిమిని కనుగొన్నాడు. ఆ తరువాత చాలాకాలం కళ్లెను గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో వెతకడమే మనకు దిక్కు. ఒక మిల్లీలీటరు కళ్లెలో దాదాపు 10,000 క్రిములుంటే గాని అందులో సరిగా కనబడవు. జబ్బు మొదటి దశలో ఉన్నవారికి చాలాసార్లు "లేదు" అని వచ్చేది. కల్చర్ పరీక్షలో తెలుస్తుంది గాని వారాలు పడుతుంది. ఈలోగా రోగి ఇంట్లో పిల్లల మధ్య దగ్గుతూనే ఉంటాడు.

ఇప్పుడు ట్రూనాట్ అనే పరీక్ష ఉంది. గోవాలోని మోల్‌బయో సంస్థ తయారుచేసిన ఈ పరీక్షను 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. ముందు ఒక యంత్రం కళ్లెలో ఉన్న క్రిముల డి.ఎన్.ఏ.ను వేరుచేస్తుంది. అందులో 6 మైక్రోలీటర్లు, అంటే నీటిబొట్టులో ఎనిమిదో వంతు, రసాయనంతో కలిపి చిప్ మీది గుంటలో వేస్తారు. చిప్పే, కొబ్బరి చిప్ప కాదు! దాన్ని మరో పెట్టెలో పెడితే వేడిచేస్తూ, చల్లారుస్తూ క్షయ క్రిమి డి.ఎన్.ఏ.ను అనేక రెట్లు పెంచి పట్టిస్తుంది. సుమారు గంటలో జవాబు వస్తుంది. బ్యాటరీతో కూడా నడుస్తుంది కనుక కరెంటు పోయినా పని ఆగదు. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

క్షయ ఉందని తేలితే రెండో చిప్ వేస్తాం. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగుతుందా లేదా అని చూసేందుకు. లొంగని క్రిమికి మామూలు మందులిస్తే రోగి తేరుకోడు, అదే మొండి క్రిమి ఇంట్లోవారికి అంటుకుంటుంది.

అయితే డబ్బాలో ఉమ్మి తెస్తే ఇంత యంత్రమూ వృథా. పొద్దున్నే ఏమీ తినకముందు నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, ఎవరికీ ఎదురుగా కాకుండా నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుంచి దగ్గి తీయాలి. చిక్కగా ఉండాలి. మూత బిగించి వెంటనే తెచ్చి ఇవ్వండి.

చిప్‌లో "లేదు" అని వచ్చినా జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఆగకపోతే మళ్లీ రండి. పసిపిల్లలు కళ్లె తీయలేరు, వెన్నుకు, గ్రంథులకు వచ్చే క్షయ కళ్లెలో దొరకకపోవచ్చు. వారికి వేరే పరీక్షలున్నాయి. ఇంకొకటి, చచ్చిన క్రిమి డి.ఎన్.ఏ.ను కూడా చిప్ పట్టేస్తుంది. అందుచేత మందులు వాడుతున్నవారికి నయమైందో లేదో దీనితో చూడం. ఇదివరకు క్షయ మందులు వాడి ఉంటే ముందే చెప్పండి, దాచవద్దు.

1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ల శానిటోరియం మొదలైన రోజుల్లో క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, ఆహారం, అంతే. ఇప్పుడు మందులున్నాయి, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. సాధారణ క్షయకు ఆరు నెలలు వాడాలి. రెండో నెలలో దగ్గు తగ్గగానే మానేసేవారే మళ్లీ మా దగ్గరకు వస్తున్నారు, ఈసారి మొండి క్రిమితో.

రోగితో ఒకే ఇంట్లో ఉండే పిల్లలను, పెద్దలను కూడా పరీక్షకు తీసుకురండి. డబ్బాలు లేబొరేటరీ కిటికీ దగ్గర సిస్టర్‌గారు ఇస్తారు.