బిగువూ సడలింపూ: గర్భస్థ మెదడులో డబుల్‌కార్టిన్, టౌ



నాడీకణాల మీద ప్రయోగశాలల్లో పనిచేసేవారు, ఫిట్స్‌తో వచ్చే పిల్లలకు వైద్యం చేసేవారు, తెలుగులో విజ్ఞానం రాసేవారు ఒకచోట కలిసి కూర్చోవడం అరుదు. మొదటివారికి ప్రోటీన్ తెలుసు, రెండోవారికి ఆ ప్రోటీన్ లోపించిన పిల్లలు తెలుసు, ఈ రెంటి మధ్య ఉన్న సంబంధాన్ని ఇళ్లకు చేర్చాల్సినవారు మూడోవారు. అందుకే ఈ అధ్యక్షోపన్యాసానికి ముగ్గురి పనీ కలిసే విషయాన్ని ఎంచుకోవడం జరిగింది. కణంలోని సన్నని గొట్టాలను నిలబెట్టే ప్రోటీన్లు గర్భస్థ శిశువు మెదడును ఎలా కడతాయన్నది ఆ విషయం.

1998 జనవరిలో ‘సెల్’ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధన పత్రాలు పక్కపక్కనే వెలువడ్డాయి. ఒకటి పారిస్‌లో జమెల్ షెల్లీ బృందానిది, రెండోది బోస్టన్‌లో క్రిస్టఫర్ వాల్ష్ బృందానిది. అట్లాంటిక్‌కు చెరో ఒడ్డునా పనిచేస్తూ ఇద్దరూ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒకే జన్యువును పట్టుకున్నారు. దాని నుంచి తయారయ్యే ప్రోటీనే డబుల్‌కార్టిన్. సుమారు 360 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ అది. కణంలో దాని పనేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. అది పాడైతే ఏమవుతుందో మాత్రం ఎంఆర్‌ఐలో కళ్లకు కట్టినట్టు కనిపించేది.

అబ్బాయిల్లో ఆ జన్యువు పాడైతే మెదడు పైన ఉండాల్సిన ముడతలు దాదాపు ఏర్పడవు. మెదడు పైపొర అయిన కార్టెక్స్ మందంగా, నున్నగా మిగిలిపోతుంది. వైద్యులు దీన్ని లిసెన్‌సెఫలీ అంటారు. అమ్మాయిల్లో చిత్రం వేరు. పైన కార్టెక్స్ చూడటానికి చాలావరకు మామూలుగానే ఉంటుంది. దాని కింద, తెల్లని పదార్థం మాత్రమే ఉండాల్సిన చోట, బూడిదరంగులో మరో పట్టీ కనిపిస్తుంది. ఒక కార్టెక్స్ కింద ఇంకో కార్టెక్స్ పరిచినట్టు ఉంటుంది.

కారణం అమ్మాయిలకున్న రెండు ఎక్స్ క్రోమోజోములు. ప్రతి కణం వాటిలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూతపడుతుందన్నది యాదృచ్ఛికం. మంచి కాపీ పనిచేస్తున్న న్యూరాన్లు గమ్యం చేరి పై పొరలు కట్టాయి. చెడ్డ కాపీ మిగిలినవి దారి మధ్యలోనే ఆగిపోయి ఆ రెండో పట్టీ అయ్యాయి. తల్లి గర్భంలో ఏ శాస్త్రవేత్తా చేయలేని ప్రయోగం ఇది. ఒకే మెదడులో, ఒకే వయసు కణాల్లో, ఒక్క ప్రోటీన్ ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా పట్టీలుగా విడిపోయి కనిపిస్తోంది. ఆ తేడాను ఆ పిల్లలు జీవితమంతా మోస్తారు. మూర్ఛ, చదువులో వెనకబాటు కొందరిలో స్వల్పంగా, కొందరిలో తీవ్రంగా ఉంటాయి.

మరుసటి ఏడాదే, 1999లో, డబుల్‌కార్టిన్ మైక్రోట్యూబ్యూళ్లను పట్టుకుని వాటిని స్థిరపరుస్తుందని తేలింది.

మైక్రోట్యూబ్యూల్ దాదాపు ప్రతి కణంలోనూ ఉండే బోలు గొట్టం. దాని మందం 25 నానోమీటర్లు. ఆల్ఫా, బీటా ట్యూబ్యులిన్ అనే రెండు ప్రోటీన్ల జంటలు ఒకదానిపై ఒకటి పేరుకుని పోగుగా సాగుతాయి. అలాంటి 13 పోగులు పక్కపక్కన చేరితే మామూలు గొట్టం. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ ఈ గొట్టాల వింత నడవడిని బయటపెట్టారు. ఒకే పాత్రలో, ఒకే పరిస్థితుల్లో కొన్ని గొట్టాలు పెరుగుతుంటే పక్కవి కూలిపోతూ ఉంటాయి. కొసన కొత్తగా చేరిన ట్యూబ్యులిన్ జంటలు జీటీపీ అనే అణువును పట్టుకుని ఉన్నంతసేపు గొట్టం సాగుతుంది. ఆ రక్షణ పోయిన మరుక్షణం పోగులు బయటికి విచ్చుకుంటాయి, గొట్టం చకచకా కుంచించుకుపోతుంది. కాసేపటికి మళ్లీ పెరగడం మొదలుపెట్టనూవచ్చు. కణం తన ఆకారాన్ని, దారిని నిమిషాల్లో మార్చుకోగలగడం ఈ అస్థిరత వల్లే సాధ్యం.

ఇలాంటి సామగ్రితో మెదడు కట్టాలి. గర్భస్థ శిశువు మెదడులో కార్టెక్స్‌కు చేరే న్యూరాన్లలో ఎక్కువభాగం లోపల, ద్రవం నిండిన గదుల అంచున పుడతాయి. అక్కడి నుంచి పైకి ప్రయాణం కట్టాలి. ఈ ప్రయాణం ముమ్మరంగా సాగేది గర్భం 12వ వారం నుంచి 20వ వారం మధ్య. రేడియల్ గ్లియా అనే కణాల పొడవాటి పోగులను పట్టుకుని న్యూరాన్లు ఎగబాకుతాయని 1970ల్లో పాస్కో రాకిచ్ చూపించారు. తర్వాత పుట్టినవి ముందు పుట్టినవాటిని దాటుకుని ఇంకా పైకి వెళ్తాయి. కార్టెక్స్ పొరలు అలా లోపలి నుంచి బయటికి పేరుకుంటాయి.

ఒక్క న్యూరాన్ అడుగును దగ్గరగా చూస్తే డబుల్‌కార్టిన్ పని అర్థమవుతుంది. ముందు కణం ఒక సన్నని కొమ్మను పైకి చాపుతుంది. ఆ కొమ్మలో, కేంద్రకానికి కాస్త ముందు, చిన్న ఉబ్బు లేస్తుంది. సెంట్రోసోమ్ ఆ ఉబ్బులోకి జరుగుతుంది. అక్కడి నుంచి కేంద్రకం వైపు పరుచుకున్న మైక్రోట్యూబ్యూళ్ల మీద డైనీన్ అనే మోటారు ప్రోటీన్ పనిచేసి కేంద్రకాన్ని ముందుకు లాగుతుంది. వెనక నుంచి ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లు నెడతాయి. కేంద్రకం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, తర్వాత కణం ఆగుతుంది, కొమ్మ మళ్లీ సాగుతుంది. డబుల్‌కార్టిన్ లేని కణంలో ఈ వరస చెదురుతుంది. ముందుకు సాగాల్సిన ఒక్క కొమ్మ అటూ ఇటూ చీలి అనవసరపు రెమ్మలు వేస్తుంది, కేంద్రకం తడబడుతుంది. 2006లో ఎలుకల న్యూరాన్లలో ఈ రెండు లోపాలూ నమోదయ్యాయి.

డబుల్‌కార్టిన్ పట్టు కూడా విశేషమైనదే. 2004లో కరొలిన్ మూర్స్ తదితరులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు, అది గొట్టం పైపైన అతుక్కోకుండా, రెండు పోగుల మధ్య పల్లంలో, నాలుగు ట్యూబ్యులిన్ జంటలు కలిసే మూలలో ఒదిగి ఉంది. 13 పోగుల గొట్టమంటేనే దానికి మక్కువ. పిల్లల్లో దొరికిన మ్యుటేషన్లలో చాలావరకు ట్యూబ్యులిన్‌ను పట్టుకునే రెండు భాగాల్లోనే గుమిగూడాయి. రోగి జన్యుపరీక్ష కాగితంలో ఒక అక్షరం మారడానికీ, ఈ మూలలో పట్టు తప్పడానికీ మధ్య దూరం అంత తక్కువ.

అలాగని పట్టు ఎంత బిగిస్తే అంత మంచిదని కాదు. సీడీకే5 అనే ఎంజైమ్ డబుల్‌కార్టిన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలించి ఆ పట్టును సడలిస్తుందని 2004లోనే తేలింది. ఆ సడలింపు కుదరకపోయినా కణం ప్రయాణం దెబ్బతింటుంది. ఈ సభ ముందుంచదలచిన ప్రధానమైన మాట ఇదే. స్థిరపరిచే ప్రోటీన్లు గొట్టాలను గట్టిపరచడానికే ఉన్నాయని పాఠ్యపుస్తకాలు చెప్పే మాట సగమే నిజం. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమేరకు బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నది మెదడు నిర్మాణంలో అసలు సంగతి.

టౌ ప్రోటీన్ ఇందుకు ఇంకా పెద్ద సాక్ష్యం. అల్జైమర్స్ పుణ్యమా అని దాని పేరు పత్రికలు చదివేవారందరికీ తెలుసు. 1975లో ప్రిన్స్‌టన్‌లో కిర్ష్‌నర్ బృందం పంది మెదడు నుంచి దాన్ని వేరుచేసింది. ట్యూబ్యులిన్ గొట్టాలుగా కూడటానికి అది తోడ్పడుతుందని చూపింది. పెద్దవారి మెదడులో ఆరు రకాల టౌ ఉంటుంది. గర్భస్థ శిశువు మెదడులో ఉండేది వాటన్నిటిలోకీ పొట్టిదే. గొట్టాన్ని పట్టుకునే చోట పెద్దల టౌలో కొన్నిటికి నాలుగు పునరావృత్తాలుంటే దీనికి మూడే. పైగా దానికి ఫాస్ఫేట్లు విపరీతంగా తగిలించి ఉంటాయి. రెండింటి ఫలితమూ ఒకటే: పట్టు వదులు. పెళ్లి పందిరి వేసేవారు రాటలు పాతి ముందు తాళ్లు వదులుగా చుడతారు, వరస కుదిరాకే బిగిస్తారు. శిశువు మెదడు కూడా ఆక్సాన్లు దారి వెతుక్కునే నెలల్లో వదులు టౌతో గడిపి, పుట్టిన తర్వాత గట్టి రకాలను కలుపుకుంటుంది. డెండ్రైట్లలో ఉండే ఎంఏపీ2 అనే ప్రోటీన్ కూడా అంతే, ఎదిగే వయసులో పొట్టి రకం, ఎదిగాక పొడుగు రకాలు. టౌ రకాల దామాషా ఎంత ముఖ్యమో 1998లో వెల్లడైంది. టౌ ప్రోటీన్ అమరిక ఏమాత్రం చెడకుండా, మూడు, నాలుగు పునరావృత్తాల రకాల నిష్పత్తి మాత్రమే తప్పినా కొన్ని కుటుంబాల్లో నడివయసులో మతిభ్రంశం వస్తోందని తేలింది.

మరి టౌ నిజంగా స్థిరపరుస్తుందా? ఈ ప్రశ్న ఇప్పుడు సజీవంగా ఉంది. 1994లో టోక్యోలో నొబుతాకా హిరొకావా బృందం టౌ లేని ఎలుకలను పుట్టిస్తే అవి బతికాయి, పెరిగాయి. 2000లో టౌతోపాటు ఎంఏపీ1బీ అనే ప్రోటీన్‌ను కూడా తీసేస్తే ఆక్సాన్ల ఎదుగుదల, న్యూరాన్ల వలస రెండూ దెబ్బతిన్నాయి. ఒకటి లేనప్పుడు రెండోది భారం మోస్తోందన్నమాట. 2018లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో పీటర్ బాస్ బృందం మరో అడుగు వేసింది. న్యూరాన్లలో టౌ తగ్గిస్తే కూలిపోవాల్సింది స్థిరమైన భాగాలని అందరి అంచనా. తీరాచూస్తే తగ్గింది గొట్టాల కొసన ఉండే చంచలమైన భాగం. గొట్టాలు పొడవుగా, చురుకుగా సాగేలా చూడటమే టౌ పని అని, వాటిని నిలిపి ఉంచేది ప్రధానంగా ఎంఏపీ6 అనే మరో ప్రోటీన్ అని వారి వాదన. పరిశోధకులందరూ దీన్ని ఒప్పుకోలేదు. అయినా, టౌ అంటే గొట్టాలను అతికించే జిగురు అని తెలుగు వ్యాసాల్లో ఏళ్లుగా రాస్తున్న వాక్యాన్ని ఇకనైనా మార్చుకోవాలి.

ఎంఏపీ6 కథ ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌ది. చల్లబరిస్తే మైక్రోట్యూబ్యూళ్లు సాధారణంగా విడిపోతాయి. మెదడు నుంచి తీసినవాటిలో కొన్ని మాత్రం మంచు చలిలోనూ విడిపోవు. దిదియే జాబ్ ఈ చిక్కుముడి వెంట పడి ఆ ప్రోటీన్‌ను పట్టుకున్నారు. 2002లో అది లేని ఎలుకలను పుట్టిస్తే మెదడు ఆకారం బాగానే ఉంది గానీ సినాప్సులు, ప్రవర్తన చెడ్డాయి. 2020లో అదే ఊరి పరిశోధకులు ఎంఏపీ6 గొట్టం బోలులోకి కూడా చేరుతుందని చూపారు.

బిగువు ఎక్కడ పడిందన్నది కణం భవితవ్యాన్నే మార్చగలదు. దీనికి చక్కని నిదర్శనం మ్యూనిక్ పక్కన మార్టిన్స్‌రీడ్‌లో ఫ్రాంక్ బ్రాడ్కె బృందం 2008లో చేసిన ప్రయోగం. పాత్రలో పెంచిన న్యూరాన్ మొదట ఒకేలా ఉండే నాలుగైదు కొమ్మలు వేస్తుంది. వాటిలో ఒక్కటే ఆక్సాన్ అవుతుంది. కాంతి పడితేనే పనిచేసేలా మార్చిన టాక్సాల్‌ను ఇచ్చి, ఎంచుకున్న ఒక్క కొమ్మ మీద వెలుతురు పెడితే ఆ కొమ్మే ఆక్సాన్‌గా మారే అవకాశం పెరిగింది. టాక్సాల్ అంటే క్యాన్సర్ వార్డుల్లో ఎక్కించే పాక్లిటాక్సెలే. మైక్రోట్యూబ్యూళ్లను అది బిగించేస్తుందని 1979లో న్యూయార్క్‌లో సూసన్ హార్విట్జ్ చూపారు. కణంలో ఒక్కచోట చిటికెడు బిగువు ఆక్సాన్‌కు ప్రాణం పోస్తే, అదే మందు ఒళ్లంతా పాకినప్పుడు రోగుల చేతులు, పాదాలు తిమ్మిరెక్కుతాయి.

డబుల్‌కార్టిన్ ఒంటరి కాదు. 1993లో ఓర్లీ రైనర్ తదితరులు 17వ క్రోమోజోమ్ మీద గుర్తించిన లిస్1 జన్యువు డైనీన్‌ను నడిపిస్తుంది. అది పాడైతే మెదడు వెనకభాగం ఎక్కువ నున్నగా ఉంటుంది, డబుల్‌కార్టిన్ పాడైతే ముందుభాగం. 2007లో ట్యూబ్యులిన్ జన్యువే పాడైన పిల్లలూ బయటపడ్డారు.

ఎలుకల్లో డబుల్‌కార్టిన్ తీసేసినప్పుడు మాత్రం 2002లో పరిశోధకులు నిరాశపడ్డారు. హిప్పోకాంపస్ కొంత చెదిరినా కార్టెక్స్ దాదాపు మామూలే. దాని దగ్గరి బంధువైన మరో ప్రోటీన్ ఆదుకుంటోందని 2006లో రెండింటినీ కలిపి తీసేశాక తెలిసింది. ఎలుక మెదడు పుట్టుకతోనే నున్నటిది కాబట్టి, ముడతల సంగతి దాన్ని అడిగి ప్రయోజనమూ లేదు.

ఇక ఇళ్ల సంగతి. తెలుగు రాష్ట్రాల్లో పిల్లవాడికి ఫిట్స్ వచ్చి, ఎదుగుదల మందగించిందంటే ముందు వేలు చూపేది మేనరికం మీద. రెండు కాపీలూ పాడైతేనే వచ్చే జబ్బుల ముప్పు మేనరికం వల్ల పెరిగే మాట నిజం. రీలిన్ అనే ప్రోటీన్ లోపంతో వచ్చే లిసెన్‌సెఫలీ ఆ కోవదే. లిస్1, డబుల్‌కార్టిన్ అలాంటివి కావు. లిస్1 మ్యుటేషన్లు చాలావరకు బిడ్డలో కొత్తగా పుట్టినవే. డబుల్‌కార్టిన్ మ్యుటేషన్ కొత్తగా రావచ్చు, తల్లి నుంచీ రావచ్చు. ఆ తల్లికి లక్షణాలు స్వల్పంగా ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. ఆమె మోస్తున్నట్టు తేలితే ప్రతి కాన్పులోనూ అది బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. ఈ నాలుగు వాక్యాలు వివరించి చెప్పేవారు లేక ఎన్నో ఇళ్లలో కోడళ్లు నిందలు పడుతున్నారు. వైద్యం ఎలా ఉన్నా, ఆ వివరణ ఇవ్వడం మన చేతిలో పని.

వైద్యం మాటకొస్తే, 2009లో అమెరికాలోని కనెటికట్‌లో జోసెఫ్ లొటూర్కో బృందం దారి మధ్యలో ఆగిన న్యూరాన్లున్న ఎలుక పిల్లలకు పుట్టాక డబుల్‌కార్టిన్‌ను తిరిగి అందించింది. ఆగిపోయిన కణాలు మళ్లీ కదిలాయి, పట్టీ తగ్గింది, మూర్ఛ ముప్పూ తగ్గింది. ఆ అవకాశం తొలి రోజుల్లోనే ఉంది, ఆ తర్వాత మూసుకుపోయింది. ఎలుక పిల్ల పుట్టేనాటికి దాని మెదడు ఉన్న దశను మనిషి బిడ్డ గర్భంలోనే దాటేస్తుంది. అందువల్ల పుట్టిన బిడ్డకు ఆ మార్గం ఈరోజు తెరుచుకోలేదు.

ఇప్పుడు చేయదగినది ఒకటుంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, సీసీఎంబీ పరిశోధన సంస్థలున్నాయి. రెండు రాష్ట్రాల్లో ఎంఆర్‌ఐలో జంట పట్టీయో, నున్నని కార్టెక్సో కనిపించిన ప్రతి బిడ్డకూ జన్యుపరీక్ష జరగాలి. పేర్లు తొలగించిన ఆ ఫలితాలు ఒకచోట చేరాలి. ట్యూబ్యులిన్ మూలలో డబుల్‌కార్టిన్ పట్టు ఏ అమైనో ఆమ్లం దగ్గర తప్పితే పిల్లల్లో తీవ్రత ఎంత ఉంటోందో ప్రయోగశాలల్లో పోల్చి చూడటానికి అవి పనికొస్తాయి. కుటుంబాలకు తర్వాతి కాన్పు గురించి చెప్పడానికీ అవే ఆధారం. అందుకు అవసరమైన నమూనా పత్రాన్ని, తల్లిదండ్రులకు తెలుగులో ఇవ్వాల్సిన రెండు పేజీల వివరణను ఈ సదస్సు ముగిసేలోగా వైద్యులు, పరిశోధకులు, రచయితలు కలిసి సిద్ధం చేయాలని అధ్యక్షస్థానం నుంచి ప్రతిపాదన.