గవ్వలతో గల్ఫు ప్రయాణము

(జగిత్యాలలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో రోడ్లను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు మాటలాడుట వాడుక. మేము నేడు ఒక ఆటను గూర్చి చెప్పవచ్చినాము. నవ్వవలదు. ఒక అట్టముక్క, నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు, చెప్పుటకు ఒక కథ ఉన్నచో ఈ ఆటకు చాలును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫునకు మనిషిని పంపని ఊరు అరుదు. వీసా, ఒప్పందము, అప్పు మొదలగు వానిని వివరించు కరపత్రములు ఎన్నో వచ్చినవి. చదివినవారు కొందరే. కథయైనచో వినుటకు ఊరంతయు కూడును. సిరిసిల్ల పద్మశాలీలకు ఈ సంగతి క్రొత్త కాదు. కూనపులివారు బొమ్మల పటమును వ్రేలాడదీసి, ఒక్కొక్క బొమ్మను చూపుచు, వారికి మార్కండేయ పురాణమును చెప్పుచు వచ్చినారు. మా ఆటలోని గడులకు ఆ పటమే మాతృక.

మొదట మేము వైకుంఠపాళిని అనుకరించితిమి. మంచి ఏజెంటు దొరికిన నిచ్చెన, దొంగ వీసాయైన పాము. కోరుట్ల దగ్గరి ఒక గ్రామమున ఒక సాయంకాలము ఆడించితిమి. పిల్లలు సంతోషించిరి. బీడీలు చుట్టుచు చూచుచున్న ఒక పెద్దమ్మ మాత్రము, "పాము నోట్లె పడ్డది గవ్వలు జేసిన పని. అండ్ల పోరడు జేసిందేముంది, బిడ్డా?" అని అడిగినది. ఆ ప్రశ్నతో మా ఆట కూలినది. మోసపోవుట తలవ్రాతయని మేమే నేర్పుచుంటిమి గదా!

మరల మొదటినుండి కట్టితిమి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట వెలువడినది. అందులో ఒకరు కథకుడై సందర్భమును చెప్పుదురు. తక్కినవారు తమ పాత్ర ఏమి చేయునో నోటితో చెప్పుదురు. ఫలితము సందేహమైనప్పుడు పాచికలు వేయుదురు. ఆ పద్ధతి మాకు నచ్చినది. వారి రాక్షసులు మనకక్కరలేదు, మన ఏజెంటు చాలును.

అట్టమీద ఎనిమిది గడులు గీయవలెను: ఇల్లు, ఏజెంటు, పాసుపోర్టు, ఒప్పందము, విమానము, పని, జీతము, తిరుగు ప్రయాణము. ఐదుగురు కూర్చుందురు. ఒకరు కథకుడు, ఒకరు పోవువాడు, ఒకరు అతని భార్య, ఒకరు ఏజెంటు, ఒకరు పంచాయతీ సభ్యుడు. ప్రతి గడిలోను కథకుడు ఒక చిక్కును చెప్పును. "ఏజెంటు సందర్శక వీసా చేతబెట్టి, అక్కడ దిగినాక పని వీసాగా మార్చుదుమనుచున్నాడు. నీవేమి చేయుదువు?" పోవువాడు జవాబు చెప్పును. భార్య, సభ్యుడు చెరియొక ప్రశ్న అడుగవచ్చును. అడుగవలసినది అడిగినచో గవ్వలతో పనిలేదు, ముందుకు సాగుదురు. అడుగనిచో గవ్వలు వేయవలెను. రెండుకంటె తక్కువ వెల్లకిల పడిన చిక్కు తగులుకొనును. జ్వరము వచ్చుట వంటివి ఎవరి చేతిలోనివి కావు గనుక అక్కడ మాత్రము ఎప్పుడును గవ్వలదే తీర్పు.

ఏది అడుగవలసినదో కథకుని చేతి కాగితములో ఉండును. 1983 నాటి ప్రవాస చట్టము ప్రకారము ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉండవలెను. దానిని ఈ-మైగ్రేట్ జాబితాలో సరిచూడవచ్చును. 2017లో సవరించిన నిబంధనలు ఏజెంటు రుసుమునకు 30,000 రూపాయలు, దానిపై పన్ను హద్దుగా పెట్టినవి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫునకు పనికి పోవుటకు ప్రవాస అనుమతి పొందవలెను. అట్టివారికై ఏర్పడిన ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షల రూపాయలది.

చింతగింజల సంగతి కొంత వివరింపవలెను. ఒక్క గింజ పదివేలు. లక్ష అప్పు చేసినచో పది గింజలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనుకొందము. ఆటలో ఒక చుట్టు ఐదు నెలలు, వడ్డీ పదివేలు. కట్టనిచో చుట్టు తిరిగినప్పుడెల్ల ఒక గింజ పెరుగును. ఆ గింజలు పోవువాని ముందు గాక భార్య ముందు ఉండవలెను. ఈ నియమమును మేము చివర చేర్చితిమి గాని, ఆటకు ప్రాణము దీనిలోనే ఉన్నది. ఒకచోట ఒక యువకునికి భార్య పాత్ర నిచ్చితిమి. మూడవ చుట్టు ముగియునప్పటికి పదమూడు గింజలైనవి. అతడు వానిని చేత పట్టుకొని, బీడీల కూలి ఎంతయని ప్రక్కనున్న స్త్రీలను అడిగి, లెక్కవేసి, చాలసేపు పలుకలేదు. పిదప, "అన్నా, ఒప్పందం కాయిదం ఏ భాషల ఉండె? ఎవలతోనన్న చదివించినవా?" అని పోవువానిని అడిగినాడు. అరబ్బీలో ఉండెనని కథకుడు చెప్పెను. ఆ రాత్రి ఆట అక్కడనే ఆగినది. మాటలు మాత్రము ప్రొద్దుపోవువరకు సాగినవి.

ఏజెంటు పాత్ర మాటకారికి ఈయవలెను. మెతకవాడైన ఆట చప్పబడును. ఊరిలో నిజముగా ఆ పని చేయువారి పేరెత్తి ఎవరిని ఎగతాళి చేయనీయరాదు. సభ్యుని పాత్ర మాత్రము మీరు వేయకుడు. ఒక గృహిణి కిచ్చి, ఆమె మిమ్ము ఎట్లు ఊహించుకొన్నదో వినుడు. ఒక ఊరిలో ఆ సభ్యుడు, "పెండ్లికి పోతున్న, ఎల్లుండి రా" అన్నాడు. అసలు సభ్యుడు కూడ అందరితో నవ్వినాడు. మరునాడు గ్రంథాలయమునకు వచ్చి కథకుని కాగితమును నకలు వ్రాసికొన్నాడు.

సిరిసిల్లలో మరమగ్గముల వారు ఇదే ఆటను నూలు ధర మీద కట్టవలెనని కోరినారు. ఆ గడులను వారే గీయుచున్నారు.