తీగ మీద సరిగమలు: గిటార్ వాళ్ళు థియరీ ఎక్కడ మొదలుపెట్టాలి

ఈ వారం కొత్త పాట నేర్పించట్లేదు. ఒక మెయిల్‌కి జవాబు చెప్తాను, ఎందుకంటే అలాంటి మెయిల్స్ నాకు చాలా వస్తున్నాయి.

ఆయన ఏడాదిన్నరగా గిటార్ వాయిస్తున్నారు. ట్యాబ్స్ చూసి పాతిక పాటలు వచ్చు. వాళ్ళ అక్కది కర్ణాటక సంగీతం. మూడు వారాల్లో ఇంట్లో ఫంక్షన్, అక్క పాడాలి, తమ్ముడు వాయించాలి. ఈయనకి ఆ పాట సి మేజర్‌లోనే వచ్చు. అక్కేమో "నా శ్రుతి అయిదున్నర రా, పైన పాడితే గొంతు చాలట్లేదు, కింద పాడితే వినపడట్లేదు, కీబోర్డ్ అతన్ని పిలుద్దాంలే" అందట. గిటార్ అమ్మేద్దామా అని అడుగుతున్నారు.

అమ్మకండి. పాతిక పాటలు వాయించే వేళ్ళు మీకు ఉన్నాయి. లేనిది ఒకటే, ఏ స్వరం ఎక్కడుందో, ఎందుకుందో తెలియడం. థియరీ అంటే అదే. స్టాఫ్ నొటేషన్ కాదు, మొదటి రోజే మోడ్స్ పేర్లు బట్టీ పట్టడం అంతకన్నా కాదు. అలా మొదలుపెట్టించే వీడియోలు చూస్తే నాకు జాలేస్తుంది, నాలుగో రోజుకి ఎవరూ మిగలరు.

గిటార్ చేతిలోకి తీసుకోండి. ఒక్క తీగ చాలు. సన్న తీగ నుంచి లెక్కపెడితే రెండోది, బి తీగ. దాని మొదటి ఫ్రెట్ సి. దాన్ని "స" అనుకోండి. ఇప్పుడు వరసగా 1, 3, 5, 6, 8, 10, 12, 13 ఫ్రెట్లు నొక్కండి. స రి గ మ ప ద ని స. నోటితో కూడా అనండి, సిగ్గుపడకండి. ఇంగ్లిష్ వాళ్ళు దీన్నే మేజర్ స్కేల్ అంటారు, మనవాళ్ళు శంకరాభరణం అంటారు, 29వ మేళకర్త. గమకాలు కలిపితేనే అది రాగం అవుతుంది, అది వేరే సంగతి. స్వరస్థానాలు మాత్రం ఇవే.

ఫ్రెట్ల మధ్య దూరం గమనించారా? రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. గ నుంచి మ, ని నుంచి పై స, ఈ రెండు చోట్లే పక్క పక్క ఫ్రెట్లు. ఈ దూరాలు మారకుండా ఏ ఫ్రెట్ నుంచి మొదలుపెట్టినా అదే మేజర్ స్కేల్. పన్నెండు ఫ్రెట్లు జరిగితే మళ్ళీ అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. కొలిచి చూడండి, 12వ ఫ్రెట్ సరిగ్గా తీగ సగం దగ్గర ఉంటుంది.

ఇక కార్డులు. ఒక స్వరం పట్టుకుని, ఒకటి వదిలి ఒకటి తీసుకోండి. స గ ప కలిపితే సి మేజర్. రి మ ద కలిపితే డి మైనర్. ఒకటి మేజర్, ఇంకోటి మైనర్ ఎందుకు అయ్యాయి? మళ్ళీ తీగ మీద లెక్కపెట్టండి. స నుంచి గ నాలుగు ఫ్రెట్లు, గ నుంచి ప మూడు. నాలుగు ముందు వస్తే మేజర్. రి నుంచి మ మూడు, మ నుంచి ద నాలుగు. మూడు ముందు వస్తే మైనర్. ఇలా ఏడు స్వరాల మీదా కట్టుకుంటూ వెళ్తే సి, డి మైనర్, ఇ మైనర్, ఎఫ్, జి, ఏ మైనర్, చివర బి డిమినిష్డ్. ఆఖరిది ప్రస్తుతానికి పక్కన పెట్టండి, పాటల్లో తక్కువే తగులుతుంది.

ఇప్పుడు మెయిల్ రాసినాయన పాట. ఆయన కార్డులు సి, ఏ మైనర్, ఎఫ్, జి. పేర్లు వదిలేసి నంబర్లు వేయండి: 1, 6, 4, 5. పాట అంటే ఈ నంబర్లు. పేర్లు శ్రుతిని బట్టి మారతాయి. అక్క చెప్పిన అయిదున్నర ఏంటంటే, మన లెక్కలో ఒకటి శ్రుతి సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, అయిదు జి. అయిదున్నర అంటే జి షార్ప్. కాబట్టి క్యాపో మొదటి ఫ్రెట్‌కి బిగించి జి షేపులు వాయించాలి. జి స్కేల్‌లో 1, 6, 4, 5 అంటే జి, ఇ మైనర్, సి, డి. అన్నీ ఓపెన్ కార్డులే! వేళ్ళు నొప్పెట్టే ఎఫ్ కూడా పోయింది. మూడు వారాలు అక్కర్లేదు, ఈ ఆదివారానికే అక్కతో కూర్చోవచ్చు.

(కోడింగ్ వాళ్ళకి ఒక మాట: ఇది మాడ్యులో 12 లెక్కే. సి సున్నా, జి ఏడు. ఎనిమిది ఫ్రెట్లు జరిపితే పదిహేను, పన్నెండు తీసేస్తే మూడు, అంటే డి షార్ప్. ఆఫీసులో రాసిన కోడ్ కన్నా ఇది నాకు ఎక్కువ పనికొచ్చింది.)

ఇంకో సమస్య చాలామందికి వస్తుంది. కార్డులు అన్నీ కరెక్టే అనిపిస్తాయి, ఒక్క చోట పాటకీ గిటార్‌కీ కొట్లాట. ముఖ్యంగా కల్యాణి మీద కట్టిన పాటల్లో. కల్యాణిలో మధ్యమం ఒక ఫ్రెట్ పైకి ఉంటుంది, అంటే అదే తీగ మీద 6 బదులు 7. మీరు అలవాటుగా ఎఫ్ మేజర్ కొట్టారనుకోండి, అందులో మొదటి స్వరమే ఆ 6వ ఫ్రెట్‌ది. పాడేవాళ్ళు ప్రతి మధ్యమం, మీరు శుద్ధ మధ్యమం. చెవికి గుచ్చుకోదా మరి? బదులుగా ఏం కొట్టాలో లెక్కే చెప్తుంది. రి మ ద మళ్ళీ చూడండి: 3, 7, 10. నాలుగు, తర్వాత మూడు. డి మైనర్ కాస్తా డి మేజర్ అయింది. సి నుంచి డి మేజర్‌కి వెళ్ళి వెనక్కి రండి, ఆ కల్యాణి రంగు మీకే తెలుస్తుంది.

ఫ్రెట్లున్న వాయిద్యం మీద మన సంగీతం పలకదు అనేవాళ్ళకి పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ గారి కచేరీ ఒకటి వినిపించండి. ఆయనదీ ఫ్రెట్ల వాయిద్యమే. మనం ఆ స్థాయికి వెళ్ళకపోవచ్చు, ఇంట్లో అక్క పాటకి వాయించగలిగితే నాకు చాలు.

సాధన ఎలా అంటే, రోజూ పావుగంట, ఒకే తీగ, స్వరం పేరు నోటితో అంటూ. రెండు వారాలు బి తీగ. తర్వాత జి తీగకి రండి, అక్కడ సి 5వ ఫ్రెట్‌లో ఉంటుంది. మిగతా పక్క తీగల మధ్య దూరం అయిదు ఫ్రెట్లు, ఈ జి-బి మధ్య మాత్రం నాలుగే. ఆ ఒక్క ఫ్రెట్ తేడా వల్లే షేపులు అక్కడ మెలికలు తిరుగుతాయి. దాని మీద వచ్చే వారం బొమ్మలు వేసి చూపిస్తాను. క్యాపో లేనివాళ్ళు ఈలోపు ఒకటి కొనుక్కోండి. ఉంటానండి.